ఏడో పీలిక

సూర్యుడు గోవుకొమ్ము కొండ భుజానికి ఎగబాకి రెండు గడియలైంది. ఆ కొండ సొగసు వర్ణించడానికి మేఖలాపురం ఆస్థానంలో పద్దెనిమిదిమంది కవులు పోటీలుపడి పద్యాలు చెప్పారుగాని, వాళ్ళలో దాన్ని ఎక్కి చూసినవాడు ఒక్కడూ లేడు. ఎక్కి ఉంటే పళ్ళు టకటకలాడి పద్యం సగంలోనే ఆగిపోయేది. శిఖరం నుంచి పాదం దాకా పేరుకున్న మంచు ఎండ తగిలినచోట పాలమీగడలా మెరుస్తోంది. బండల అంచుల నుంచి వేలాడే మంచు ఊడలు ఏడు రంగులు చిమ్ముతున్నాయి. నీడపట్టున ఉన్న లోయల్లో నెమలికంఠపు నీలం, ఎండ సోకిన గట్ల మీద పసుపు కలిపిన తెలుపు, ఆ పైన మబ్బుల అంచులకు లేత గులాబీ. ఇన్ని రంగులున్న ఆ కొండ మీద పచ్చటి గడ్డిపోచ ఒక్కటి లేదు, ఎగిరే పిట్ట ఒక్కటి లేదు.

ఆ కొండ మీద ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ ఆనించి పాకుతున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు అన్నది చూసేవాళ్ళ కోసం. ముందు పాకుతున్న పద్దెనిమిదేళ్ళ పైడి నిజంగా ఆడపిల్లే. మేఖలాపురంలో పాతగుడ్డల పీలికలు ఏరి, అతికి, బొంతలు కుట్టే నూకాలవ్వకు మనవరాలు. వెనక మూట మోసుకుంటూ, తల మీది ముసుగు జారితే ఎడమచేత్తో లాక్కుంటూ వస్తున్న ముసలమ్మ మాత్రం మేఖలాపురం యువరాజు జయకేతుడు. తుహినకంఠ మాంత్రికుడు అతణ్ణి కొలువులో చూసి ఉన్నాడు. గుర్తుపడతాడన్న భయంతో నిన్న సాయంత్రం ఏటి ఒడ్డున కూర్చోబెట్టి, పైడే స్వయంగా అతని మీసం గొరిగేసింది.

"చలికి పై పెదవి మొద్దుబారిపోతోంది పైడీ. మీసం ఉంటే ఈ బాధ లేకపోను" అన్నాడు జయకేతుడు వెనక నుంచి.

"మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది మీ గోల. చెల్లెమ్మ బతికితే మీసం మళ్ళీ మొలుస్తుంది రాచబాబూ. మూగదానిలా ఉంటానని ఒప్పుకున్నారు గదా, ఇక నోరు మూసుకుని పాకండి" అంది పైడి.

జయకేతుడు పెదవిని ముసుగులో దూర్చుకున్నాడు. చెల్లెలి మాట ఎత్తితే అతని కాళ్ళూ చేతులూ చురుకవుతాయి.

నెల కిందట తుహినకంఠుడు మేఖలాపురం కొలువుకు వచ్చి ఒక వింత కోరిక కోరాడు. ముప్ఫై ఏళ్ళ కిందట తన నిద్రను అమ్ముకొని మంత్రాలు కొనుక్కున్నాడట. అప్పటినుంచి కన్ను మూతపడలేదట. ఈ రాజ్యంలోని పసిపిల్లలందరి నిద్రా తనకు ధారపోయమన్నాడు. పిల్లల నిద్ర ఇచ్చేది లేదు పొమ్మన్నాడు మహారాజు. "నాకు లేని నిద్రను నీ బిడ్డకు కావలసినంత ఇచ్చిపోతాను" అని, సింహాసనం మెట్ల మీద ఆడుకుంటున్న ఎనిమిదేళ్ళ రాకుమారి కుందనిక పాదాల మీద ఒక్కసారి ఊది వెళ్ళిపోయాడు మాంత్రికుడు. ఆ క్షణమే పాప నిద్రలోకి జారింది. పాదాల దగ్గర పట్టిన మంచు రోజుకింత పైకి పాకి, నిన్నటికి గొంతు దాకా వచ్చింది. ఈరోజు సూర్యుడు అస్తమించేలోగా దాన్ని కరిగించకపోతే పెదవులకు చేరుతుంది. ఆ తరువాత ఇక లేవదు.

రాజవైద్యులు చేతులెత్తేశారు. నూకాలవ్వ ఒక్కతే మందు చెప్పింది. ఏడిళ్ళు తిరిగి ఏడు పీలికలు అడుక్కుని, బొంత కుట్టి కప్పాలి. ప్రతి పీలికా కట్టి విడిచిన బట్టలోనిదై ఉండాలి, ఇచ్చినవాళ్ళు తమ చేత్తో, ఇష్టపడి ఇవ్వాలి. ఏడోది మాత్రం ఆ చలి పెట్టినవాడే ఇవ్వాలి. దొంగిలించిన పీలిక సూదికి లొంగదు. ఆ చివరి మాట జయకేతుడికి నచ్చలేదు. మూడు రోజుల కిందట తుహినకంఠుడు మబ్బు మీద పోతుంటే చెట్టెక్కి, అతని అంగీ అంచు కత్తితో కోసి తెచ్చి, "ఇదిగో ఏడోది" అని పైడి ముందు పడేశాడు. దాన్ని కుట్టబోతే మూడు సూదులు నువ్వుకట్టెల్లా ఫట్ ఫట్ ఫట్ మని విరిగాయి. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క సూది. అది నూకాలవ్వది. పైడి కొప్పులో ఉంది.

కొండ కింద గుర్రం కట్టేసి ఉంది. పైనుంచి దిగి, దాని మీద మేఖలాపురం చేరడానికి రెండు జాములు పడుతుంది. అంటే మధ్యాహ్నానికల్లా ఏడో పీలికతో వాళ్ళు ఈ కొండ దిగడం మొదలుపెట్టాలి.

గట్టు మలుపు తిరగగానే దారి తెగిపోయింది. ముందు అడుగు కనిపించని అగాధం. దాని మీద గాజుపలకలాంటి మంచు వంతెన, బారెడు వెడల్పు. వంతెన అవతల గుహ వాకిలి. వాకిలి ముందు ఏనుగంత రాతి ఎలుగుబంటి. ఇద్దరూ వంతెన మధ్యకు వచ్చారో లేదో, ఆ రాయి ఒళ్ళు విరుచుకుని లేచి నిలబడింది.

"అక్కడే ఆగండి. ఎవరే మీరు? ఈ వంతెన మీద అబద్ధమాడితే విరిగిపోతుంది. కింద తెల్లగా కనిపిస్తున్నాయే ఎముకలు, అవన్నీ అబద్ధాలే" అంది ఎలుగు.

పైడి కిందికి చూడలేదు. "నేను బొంతలు కుట్టేదాన్ని. మీ సామికి ముప్ఫై ఏళ్ళుగా నిద్దర లేదంట గదా. బొంత కుట్టిపెట్టి, మా ఇంటి ఆచారం ప్రకారం కూలిగా ఒక్క పీలిక అడుక్కుపోదామని వచ్చాను" అంది.

వంతెన కిమ్మనలేదు.

"వెనక ఆ ముసలిది ఎవరు?"

జయకేతుడు ముసుగు ఇంకా కిందికి లాక్కున్నాడు. అతను ముసలీ కాదు, ఆడదీ కాదు. పైడి మాత్రం తొణకలేదు. "నా మూట మోసే మనిషి. పుట్టి బుద్ధెరిగి సూదిలో దారం ఎక్కించిన పాపాన పోలేదు. పని దగ్గర చేతులు మొద్దు, తిండి దగ్గర ఇద్దరి పెట్టు" అంది.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వంతెన చల్లగా ఊరుకుంది.

"ఆ మూటలో ఏముంది?"

"ఒక బొంత. ఏడు పీలికలది. ఇంకా ఆరే ఉన్నాయి."

ఫెళ్ళుమంది. పైడి కాళ్ళ కింద మంచు మెరుపుతీగలా చీలింది. ఒక పెచ్చు ఊడి అగాధంలోకి పోయింది, అది అడుగున పడిన చప్పుడు మాత్రం ఎంతకీ రాలేదు.

"నాకు తెలిసి ఆరే!" అని కేక పెట్టింది పైడి.

"నీకు తెలిసినా తెలియకపోయినా ఒకటేనే పిల్లా. ఈ వంతెన మనసు చూడదు, మాట చూస్తుంది. మాట నిజమైతే నిలబడుతుంది, కాకపోతే లేదు" అంది ఎలుగు, గోళ్ళు నాక్కుంటూ.

పైడి గిర్రున వెనక్కి తిరిగింది. ముసలమ్మ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. మూట మడతలోంచి ఒక నల్లటి గుడ్డముక్క తీసి అగాధంలోకి విసిరేసింది. తను కత్తితో కోసి తెచ్చిన ఆ అంగీ ముక్కనే, ఎందుకైనా పనికొస్తుందని జయకేతుడు మూటలో దాచాడు! రాజుల బుద్ధి, ఒకసారి చేతికి చిక్కింది ఊరికే వదలదు.

"ఇప్పుడు ఆరు" అంది పైడి. చీలిక అక్కడితో ఆగింది. ఎలుగు పక్కకు జరిగింది. అవతలి గట్టు మీద కాలు పెట్టగానే ఆమె యువరాజు భుజం మీద ఎంత గట్టిగా గిల్లిందంటే, మూగదనం నటిస్తున్న అతని నోట్లోంచి 'అబ్బా' రాకుండా ఆపుకోవడానికి ఆ చలిలోనూ చెమట పట్టింది.

గుహ లోపల ఒక రాజసభ పట్టేంత చోటు ఉంది. కప్పుకు పెద్ద రంధ్రం, దానిలోంచి నేల మీద పడే పళ్ళెమంత ఎండ. గోడల నిండా మంచు పువ్వులు, మంచు లతలు, మంచు హంసలు. చూసి మురిసిపోవలసిందే, ఒక మూల నిలబడ్డ బొమ్మలను చూసేదాకా. ఆ మూల పదిపన్నెండుమంది మనుషులు మంచుగడ్డలై ఉన్నారు. ఒకడి చేతిలో వీణ, ఇంకొకడి చేతిలో మందు కల్వం.

"వాళ్ళంతా నాకు నిద్ర పట్టిస్తామని వచ్చినవాళ్ళు."

ఆ గొంతు ఎత్తయిన శిలాపీఠం మీదినుంచి వచ్చింది. తుహినకంఠుడు తాటిచెట్టంత మనిషి. గడ్డం నిండా మంచు పూసలు. కళ్ళు మంకెనపువ్వుల్లా ఎర్రగా ఉన్నాయి. రెప్పలు సగం దాకా వాలతాయి, అంతలో ముల్లు గుచ్చినట్టు మళ్ళీ లేస్తాయి.

"పాటలు విన్నాను, పసర్లు తాగాను. బొంత ఒక్కటే తక్కువైందా? కుట్టు. నిద్ర పట్టకపోతే ఆ మూల ఇంకా ఇద్దరికి చోటుంది" అన్నాడు.

"అలాగే సామీ. మీరు కట్టి విడిచిన బట్టలు పడెయ్యండి" అంది పైడి, అప్పుడే చాప పరిచి కూర్చుంటూ.

అతను చిటికె వేశాడు. నాలుగు పెట్టెలు ఎగిరివచ్చి మూతలు తెరుచుకున్నాయి. చీనాంబరాలు, జరీ ఉత్తరీయాలు, ముత్యాలు కుట్టిన అంగరఖాలు. పైడి ఒక్కొక్కటీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి అవతల పడేసింది.

"ఇవి ఓడిపోయిన రాజుల దగ్గర లాక్కున్నవి. ఒక్కటీ మీ ఒంటిని ఎరగదు. గంజి దిగని కొత్తబట్ట బొంతకు పనికిరాదు సామీ. మెత్తబడాలంటే మనిషి చెమట తాగి ఉండాలి, పదిసార్లు బండ మీద ఉతికి ఉండాలి."

ముప్ఫై ఏళ్ళలో తుహినకంఠుడితో ఎవరూ అలా మాట్లాడలేదు. అతను కోపం తెచ్చుకోవాలా వద్దా అని కాసేపు తేల్చుకోలేకపోయాడు. ఆఖరికి తానే లేచి, పీఠం వెనక తవ్వి ఒక తాళ్ళబుట్ట తెచ్చాడు. శిష్యుడిగా ఉన్నప్పుడు కట్టిన కాషాయం పంచె, వెలిసిపోయిన నల్ల కంబళి, మోచేతుల దగ్గర చిరిగిన అంగీ. వాటన్నిటి అడుగున చుట్టచుట్టి ఉన్న ఒక చిన్న బొంత. పసిపిల్లలకు కప్పేది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పీలికలు. అంచులన్నీ పోగులు లేచాయి.

"నా గురువు నన్ను దీన్లోనే చుట్టి తెచ్చుకున్నాడట. ఎవరింటినుంచో చెప్పలేదు. ఎందుకు పారేయలేదో నాకే తెలియదు" అన్నాడు.

పైడి దాన్ని చేతిలోకి తీసుకుని మూల వైపు తిప్పింది. అక్కడ ఒకే చోటునుంచి మూడు వైపులకు విడిపోయే మూడు ఎర్ర కుట్లు ఉన్నాయి. కాకికాలు! అది నూకాలవ్వ గుర్తు. ఆ ఇంట్లో ఎవరు బొంత ముగించినా మూలన కాకికాలు వేస్తారు. పైడి చేతికి మొదట సూది ఇచ్చిన రోజు అవ్వ నేర్పింది అదే. యాభై ఏళ్ళ కిందట కుమ్మరి వీధిలో ఉయ్యాలలోని పసివాణ్ణి ఎవడో సన్యాసి, అవ్వ కుట్టిన బొంతతో సహా, ఎత్తుకుపోయాడని ఆమె ఎన్నోసార్లు చెప్పింది.

పైడి ఆ కుట్లను బొటనవేలితో ఒకసారి తడిమింది. కొప్పులోంచి సూది తీసింది, పని మొదలుపెట్టింది.

ఆ పని చూడవలసిందే! చిన్న బొంతను నడుమ పరిచింది. కంబళిని నాలుగు పలకలుగా చింపి చుట్టూ పేర్చింది. కాషాయం ముక్కలను మూలవాటుగా కోసి, నలుపు పక్కన ఒకటి, ఎరుపు పక్కన ఒకటి అతికింది. పక్కపక్కన ఒకే రంగు పడితే బొంత ఏడుస్తుందని అవ్వ అంటుంది. అడుగున అంగీ పరిచి, మూడు పొరలూ కలిసేలా వరసగా కుట్లు వేసుకుంటూ పోయింది. సూది మునిగి తేలుతుంటే వెనక దారం పరుగెత్తింది. ఆ మంచుగుహలో కాషాయమూ ఎరుపూ పసుపూ కలిసి మెల్లగా ఒక పూలతోట లేచింది. జయకేతుడు మోకాళ్ళ మీద పాకుతూ అంచులు లాగి పట్టుకున్నాడు. మధ్యలో మాంత్రికుడు కూడా, తనకు తెలియకుండానే, ఒక కొస పట్టుకున్నాడు.

నేల మీది పళ్ళెమంత ఎండ జరుగుతూ జరుగుతూ గుహ నడిమి వైపు వచ్చింది. నడిమి గీతను తాకితే మధ్యాహ్నం, దానికి ఇంకా నాలుగు బారలుంది. పైడి ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపింది.

ఇక్కడే ఆమె తప్పు చేసింది. బొంతలు కుట్టేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని తప్పు అది. కూలి పీలిక ముందు అడగాలి, బొంత తరువాత కప్పాలి. అది వాళ్ళ కట్టుబాటు. కాని చక్కగా కుదిరిన బొంత చేతిలో ఉంటే, దాన్ని ఒక్కసారి దులిపి ఎవరిమీదనైనా కప్పి చూడకుండా కుట్టినవాళ్ళ చేతులు ఊరుకోవు. పైడి చేతులూ ఊరుకోలేదు. "పడుకోండి సామీ, చూద్దాం" అంది. అతను పడుకున్నాడు. గాలిలో ఒక్క విసురు విసిరి, మెడదాకా కప్పింది.

తుహినకంఠుడు ఏదో అనబోయాడు. రెప్పలు సగం దాకా వాలాయి. ఈసారి మళ్ళీ లేవలేదు. మరుక్షణం గుహంతా అదిరేటట్టు గురక మొదలైంది.

"పట్టింది!" అని చప్పట్లు కొట్టబోయి, పైడి అలాగే బిగుసుకుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది ఆమె పని. నిద్రపోయినవాడు పీలిక ఎలా ఇస్తాడు? లేపితే మండిపడి ఇద్దర్నీ మూలన నిలబెడతాడు.

జయకేతుడు ఇక మూగదనం కట్టిపెట్టాడు. మంచు ఊడ ఒకటి విరిచి బల్లెంలా పట్టుకున్నాడు. "పక్కకు తప్పుకో పైడీ. నా చెల్లెలికి ఈ గతి పట్టించినవాడు. ఇంతకన్నా మంచి అదను దొరకదు" అన్నాడు గుసగుసగా.

"చంపితే ఏడోది ఎవరిస్తారు? మీ తాతా?"

ఊడ చేతిలోనే కరిగింది. ఎండ పళ్ళెం ఇంకో బార జరిగింది. పైడి పెదవి కొరుక్కుంటూ పసిబొంత మూలనున్న కాకికాలు వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆమె కళ్ళు మెరిశాయి.

ఆమె మాంత్రికుడి చెవి దగ్గర చేరి, నూకాలవ్వ రోజూ పొద్దున్నే వీధి వీధీ తిరుగుతూ పెట్టే కేకను, అదే సాగదీతతో, అదే రాగంతో, మెల్లగా అంది.

"పాత గుడ్డ పెట్టండమ్మా... పీలికైనా పెట్టండమ్మా... ఇచ్చిన చెయ్యి వెచ్చగుంటుందీ..."

గురక ఆగింది. మంచు పూసల గడ్డం వెనక పెదవులు పసివాడివిలా ముడుచుకున్నాయి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. బొంత కిందినుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, తడుముకుని, నడుమనున్న పసిబొంత మూల పట్టుకుని పరపర చింపింది. ఆ చెయ్యి పైడి ముందుకు చాచుకుంది.

"అవ్వా... ఇంద" అన్నాడు తుహినకంఠుడు నిద్రలో.

అతని అరచేతిలో ఎర్రటి పీలిక ఉంది, కాకికాలుతో సహా.

పైడి రెండు చేతులా అందుకుంది. నిద్రలో ఇచ్చింది ఇచ్చినట్టేనా? అది సూదే చెప్పాలి. మూట విప్పి కుందనిక బొంత పరిచింది. నడుమ జానెడు ఖాళీ ఆ పీలిక కోసమే నోరు తెరుచుకుని ఉంది. దారం ఎక్కించబోతే ఆమె వేళ్ళు చలికి కొయ్యబారి, సూది రెండుసార్లు జారిపోయింది.

"ఇలా తే" అన్నాడు యువరాజు. కత్తి పట్టి కాయలు కాసిన వేళ్ళతో దారం కొస తడిపి, ఒక కన్ను మూసి, నాలుక పక్కకు పెట్టి, మొదటిసారి గురితప్పాడు, రెండోసారి గురితప్పాడు, మూడోసారి ఎక్కించాడు. యుద్ధం గెలిచినప్పుడు కూడా అతని ముఖం అంతలా వెలగలేదు.

పైడి కళ్ళు మూసుకుని సూది గుచ్చింది. అది విరగలేదు! వెన్నలో దిగినట్టు దిగి అవతల తేలింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గబగబ నాలుగు అంచులూ తిప్పి, ముడి వేసింది. వేసీ వేయగానే బొంత నడుమనుంచి వెచ్చదనం పుట్టి ఏడు పీలికలకూ పాకింది. జయకేతుడు దాన్ని గుండెకు హత్తుకుంటే, నెలరోజులుగా వణుకుతున్న అతని ఒళ్ళు ఒక్కసారిగా కుదుటపడింది.

"పద, పద!" అన్నాడు.

పైడి కదల్లేదు. మాంత్రికుడి మీది బొంతకు నడుమ చిల్లు పడింది. గుహలోని చలిగాలి ఈలవేస్తూ అందులోకి దూరుతోంది. గురక తగ్గి రెప్పలు అదురుతున్నాయి.

"ఈ చిల్లు ఇలాగే ఉంటే మనం కొండ దిగేలోగా లేస్తాడు. లేచాడంటే మబ్బెక్కి వచ్చి దారిలోనే పట్టుకుంటాడు. మీరు పొండి" అంది పైడి, తన పైటచెంగు పర్రున చింపుతూ.

"నిన్నొదిలి పోనా?"

"బొంత ముఖ్యమా, నేను ముఖ్యమా అని ఇక్కడ పంచాయితీ పెట్టకండి. అక్కడ పసిపిల్ల మెడ దాకా గడ్డకట్టి ఉంది. అదీగాక, చిల్లున్న బొంత వదిలేసి వెళ్ళడం మా ఇంటావంటా లేదు. ఇది మా అవ్వ కుట్టింది." ఆమె అప్పటికే కుడుతోంది. "నాలుగు అంచులే రాచబాబూ. మీ వెనకాలే వస్తాను. పొండి!"

జయకేతుడు రెండడుగులు వేశాడు, ఆగాడు, వెనక్కి చూశాడు. ఎండ పళ్ళెం గుహ నడిమి గీతను తాకింది. అతను ముసుగూ చీరా పీకిపారేసి పరుగు లంకించుకున్నాడు.

అతను వంతెన మధ్యకు వచ్చేసరికి ఎలుగు అతని మీదుగా దిగేవైపు కొసకు దూకి అడ్డం నిలబడింది.

"మూట మోసే మనిషివి కదూ? ఏమిటి తీసుకుపోతున్నావు?"

"బొంత. ఏడు పీలికలూ ఉన్నాయి. ఏడోది మీ సామి తన చేత్తో ఇచ్చాడు."

వంతెన ఊరుకుంది. ఎలుగు చెవులు నిక్కాయి. "మా సామి ఏం చేస్తున్నాడు?"

"నిద్రపోతున్నాడు."

ఎలుగు భయంగా వంతెన వైపు చూసింది. చిన్న చప్పుడు కూడా లేదు. గుహలోంచి గురక వినిపిస్తూనే ఉంది. "ముప్ఫై ఏళ్ళు..." అని గొణిగి, ఆ రాతి మృగం ముంగాలితో కన్ను తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే గురక ఆగిపోయింది. ఆ వెంటనే కొండ మీది మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారిపడేటట్టు ఒక గర్జన.

"ఎవరది నా దగ్గర!"

జయకేతుడు వెనక్కి పరుగెత్తబోయాడు. చేతిలో బొంత వెచ్చగా కదిలింది. ముందుకు పోబోతే ఎలుగు చెయ్యి అడ్డం పెట్టింది.

"నీతో వచ్చిన పిల్ల ఏది? వస్తుందా, రాదా? చెప్పందే అడుగు వేయనివ్వను."

అతనికి తెలియదు. లోపల ఆమె చేతిలో ఒక్క సూది, ఎదురుగా నిద్ర చెడిన మాంత్రికుడు. రాదని చెప్పడానికి నాలుక తిరగలేదు. వస్తుందని చెప్పి, అది నిజం కాకపోతే, వంతెనతోపాటు తానూ, బొంతా, బొంత కోసం ఎదురుచూస్తున్న చెల్లెలి ప్రాణమూ అగాధంలోకి పోతాయి. వంతెన మనసు చూడదు, మాట చూస్తుంది.

జయకేతుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వస్తుంది" అన్నాడు.

విన్నాడు. కాళ్ళ కింద, ఇందాక చీలిన చోట, ఎక్కడైనా పెచ్చు కదులుతుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. గాలి వీచింది. దూరాన మంచు జారింది. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు.

కళ్ళు తెరిచేసరికి ఎలుగు పక్కకు తొలగి దారి ఇస్తోంది. "విన్నావుగా. ఇంకా నిలబడతావేం?" అంది.

మేఖలాపురం యువరాజు చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ, నవ్వుతూ, ఏడు పీలికల బొంతను గుండెకు అదుముకుని కొండ దిగువకు పరుగెత్తాడు.